పిల్లల రక్షణపై టీచర్లకు రెండు రోజుల ట్రైనింగ్: మా స్కూల్ అనుభవం

రామంతాపూర్‌లోని మా స్కూల్‌లో టీచర్లకు ట్రైనింగులు కొత్త కాదు. వేసవి సెలవులు అయిపోయేలోపు స్మార్ట్ బోర్డు మీదో, మారిన పుస్తకాల మీదో ఏదో ఒకటి పెడతారు. జూలై వచ్చేసరికి వాటిలో చాలావరకు ఎవరికీ గుర్తుండవు. ఈ ఏడాది బడి తెరిచే ముందు పెట్టిన పిల్లల రక్షణ శిక్షణ మాత్రం అలా కాలేదు. ఎస్‌ఏ 1 పరీక్షలు దగ్గర పడుతున్నా స్టాఫ్ రూమ్‌లో దాని మాట ఇంకా వస్తూనే ఉంది. ఇలాంటిది పెట్టించాలా వద్దా అని ఆలోచిస్తున్న హెచ్‌ఎంలకు, టీచర్లకు పనికొస్తుందని ఈ రివ్యూ రాస్తున్నాను.

నేను ఏడు, ఎనిమిది తరగతులకు తెలుగు చెప్తాను. ఏడో తరగతికి క్లాస్ టీచర్‌ని కూడా. మాది కార్పొరేట్ స్కూల్ కాదు. ఆటో నడిపేవాళ్ళు, టైలర్లు, చిన్న ఉద్యోగాలు చేసుకునేవాళ్ళ పిల్లలు వస్తారు. కౌన్సెలర్ లేరు, నర్సు లేరు. పిల్లలకి ఏ కష్టం వచ్చినా ముందుగా కళ్ళబడేది క్లాస్ టీచర్‌కో ఆయమ్మకో.

శిక్షణ ఇచ్చినవాళ్ళు ముగ్గురు: ఒక కౌన్సెలర్ మేడమ్, ఒక లాయర్ మేడమ్, నర్సుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దావిడ. వీళ్ళకి ఆఫీసూ బోర్డూ లేవు, నోటిమాట మీద ఒక స్కూల్ నుంచి ఇంకో స్కూల్‌కి వెళ్తుంటారు. అందుకే పేరు కంటే వాళ్ళు ఏం నేర్పారో, ఎలా నేర్పారో రాస్తున్నాను. మీరు ఎవర్ని పిలిచినా అవి ఉన్నాయో లేదో ముందే అడిగి తెలుసుకోవచ్చు. ఫీజు మనిషికి 600 రూపాయలు. మేనేజ్‌మెంటే కట్టింది.

మొదటి రోజు చట్టంతో మొదలుపెడతారేమో అనుకున్నాం. కౌన్సెలర్ మేడమ్ ఆ ఊసే ఎత్తకుండా కొందరికి తలా ఒక చీటీ ఇచ్చారు. చీటీలో ఉన్నది పక్కవాళ్ళకి చూపించొద్దన్నారు. ఏడో తరగతి చదివే ఒక అమ్మాయిని ఊహించుకోమన్నారు. లెక్కల సార్ చీటీలో ‘ఈ నెలలో హోంవర్క్ సగంలో ఆపేస్తోంది’ అని ఉంది. నా చీటీలో ‘మా ఇల్లు అని వ్యాసం రాయమంటే ఖాళీ కాగితం ఇచ్చింది’ అని ఉంది. పీఈటీ సార్‌కి ‘ఆటల పీరియడ్‌లో కడుపునొప్పి అని కూర్చుంటోంది’ అని వచ్చింది. ఆయమ్మకి ‘బాత్‌రూమ్‌కి వెళ్తే చాలాసేపటిదాకా రావట్లేదు’ అని, ఆఫీసులో ఉండే అబ్బాయికి ‘ఈమధ్య ఫీజు కట్టడానికి నాన్న బదులు ఇంకొకాయన వస్తున్నాడు’ అని. వ్యాన్ డ్రైవర్ పాత్ర సైన్స్ మేడమ్‌కి ఇచ్చారు. ఆ చీటీలో ‘ఇంటి దగ్గర దిగమంటే లేట్ చేస్తోంది, చివరి స్టాప్ దాకా కూర్చుంటానంటోంది’ అని ఉంది.

ముందు ఎవరి చీటీ వాళ్ళు చూసుకుని, ఏం చేస్తారో చెప్పమన్నారు. డైరీలో రాసి పేరెంట్స్ సంతకం అడుగుతానని లెక్కల సార్ అన్నారు. రెండు రౌండ్లు పరిగెత్తిస్తే కడుపునొప్పి అదే పోతుందని పీఈటీ సార్. క్లాసులో మనం అలవాటుగా చేసేవే ఇవన్నీ. ఆ తర్వాత చీటీలన్నీ ఒకదాని వెనక ఒకటి పైకి చదివించారు. ఆయమ్మ చీటీ దాకా వచ్చేసరికి గదిలో మాటలు ఆగిపోయాయి.

అక్కడ మేడమ్ భయపెట్టే కథ ఏదీ చెప్పలేదు. “ఇందులో ఏ ఒక్కటీ సాక్ష్యం కాదు. ఇంట్లో గొడవలు కావచ్చు, ఒంట్లో బాగోకపోవచ్చు, చదువులో వెనకబడి సిగ్గుపడుతుండొచ్చు. కానీ ఆరు చీటీలు ఆరు జేబుల్లో ఉంటే మాత్రం ఎవరికీ ఏమీ తెలియదు” అన్నారు.

మొత్తం శిక్షణలో నాకు అన్నిటికంటే విలువైనది ఇదే. ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పినవాళ్ళకి పిల్లల గురించి తెలిసేది చాలా ఉంటుంది. ఎవరు ఎవరి పక్కన కూర్చోవడం మానేశారో, ఎవరి చేతిరాత ఉన్నట్టుండి వంకర్లు పోతోందో, ఎవరి టిఫిన్ బాక్స్ మూత తీయకుండానే ఇంటికి పోతోందో క్లాస్ టీచర్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. అది చదువుతో వచ్చే జ్ఞానం కాదు, ఉద్యోగం చేస్తూ చేస్తూ వచ్చేది. దాన్ని ఒక చోట పెట్టే పద్ధతే మన స్కూళ్ళలో ఉండదు. స్టాఫ్ రూమ్‌లో టీ తాగుతూ “ఆ పిల్ల ఈమధ్య ఏంటో అలా ఉంటోంది” అనుకుంటాం, బెల్ కొట్టగానే ఎవరి క్లాసుకి వాళ్ళం పోతాం.

పద్ధతి అంటే పెద్ద సాఫ్ట్‌వేర్ ఏం కాదు. హెచ్‌ఎం గదిలో తాళం వేసిన బీరువాలో ఒక రిజిస్టర్. అందులో ఎలా రాయాలో దాదాపు గంట పాటు మాతో రాయించారు. ‘మొండిగా తయారైంది, అబద్ధాలు చెప్తోంది’ అని రాస్తే కొట్టేశారు. ‘సోమవారం మూడో పీరియడ్‌లో పేరు పిలిస్తే ఉలిక్కిపడింది. ఏమైందమ్మా అంటే ఏం లేదు టీచర్ అని తల దించుకుంది’ అని రాస్తే ఉంచారు. చూసింది, విన్నది, తేదీ, రాసినవాళ్ళ సంతకం. మన అభిప్రాయం అందులో రాకూడదు. ఆ రిజిస్టర్ ఎవరు చూడొచ్చో కూడా ముందే తేల్చుకోవాలి. లేకపోతే పిల్లల విషయాలు స్టాఫ్ రూమ్ కబుర్లవుతాయి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కౌన్సెలర్ మేడమ్ కుర్చీ లాక్కుని పిల్లలా కూర్చున్నారు. ఒక్కొక్కరం వెళ్ళి ఎదురుగా కూర్చోవాలి. ఆవిడ తల దించుకుని, “టీచర్, మీకొకటి చెప్తా. ఎవ్వరికీ చెప్పొద్దు మరి” అంటారు. మనం జవాబు చెప్పాలి.

దాదాపు అందరి నోటా వచ్చిన మాట ఒకటే: “చెప్పనులే అమ్మా, చెప్పు.” ప్రేమతో అనే మాటే. కానీ నిలబెట్టుకోలేని మాట. రేపు మనం ఇంకొకరికి చెప్పక తప్పదు. అప్పుడు ఆ పిల్ల దృష్టిలో నమ్మిన ఒక్క పెద్ద మనిషి కూడా మోసం చేసినట్టే అవుతుంది. దాని బదులు ఇలా అనమన్నారు: “నువ్వు క్షేమంగా ఉండటానికి ఎవరికి చెప్పాలో వాళ్ళకే చెప్తాను. ఎవరికి చెప్తున్నానో ముందు నీకు చెప్తాను.” వినడానికి తేలికే. ఎదురుగా ఒకరు తల దించుకుని కూర్చుంటే మాత్రం పాత మాటే ముందు నోటికొస్తుంది. అందుకే నాలుక తిరిగేదాకా మళ్ళీ మళ్ళీ అనిపించారు. పుస్తకంలో చదివి రాదిది.

తర్వాత, అడగకూడని ప్రశ్నలు. “నువ్వెందుకు వెళ్ళావ్ అక్కడికి?”, “అప్పుడే ఎందుకు చెప్పలేదు?” అంటే తప్పంతా పిల్ల మీదికే పోతుంది. “ఫలానా ఆయనేనా?” అంటే జవాబు మనమే అందించినట్టు. రేపు కోర్టులో అదే ప్రశ్న వస్తుంది, పిల్లకి టీచరే నేర్పించిందా అని. వినాలి. మరీ అవసరమైతే “తర్వాత ఏమైంది?” అనాలి. “నాకు చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పేం లేదు” అనాలి. వివరాలు రాబట్టే పని మనది కాదు, దానికి శిక్షణ ఉన్నవాళ్ళు వేరే ఉంటారు. పిల్ల ఎన్నిసార్లు చెప్పాల్సి వస్తే అన్నిసార్లు ఆ బాధ మళ్ళీ పడుతుంది కాబట్టి, మన దగ్గర సాగదీయకూడదు.

మన ముఖం గురించి కూడా చెప్పారు. వింటూ వింటూ మనం “అయ్యో దేవుడా” అని నోటి మీద చెయ్యి పెట్టుకుంటే పిల్ల అక్కడితో ఆపేస్తుంది. టేబుల్‌కి అటూ ఇటూ కాకుండా పక్క పక్కన కూర్చోమన్నారు. మాటలు బయటికి వినపడకూడదు, కానీ మనుషులు బయటికి కనపడాలి, అంటే తలుపు తీసి ఉన్న గది. అయిపోయాక అదే రోజు, పిల్ల ఏ మాటల్లో చెప్తే ఆ మాటల్లోనే రాయాలి. హిందీలో చెప్తే హిందీలో, మన గల్లీ తెలుగులో చెప్తే అలాగే. తెలుగు టీచర్లు ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి, వాక్యం కనపడితే దిద్దడం మన చేతికి అలవాటు.

లాయర్ మేడమ్ వంతు ఆ తర్వాత వచ్చింది. ఆ క్రమం నాకు నచ్చింది, ఎందుకంటే అప్పటికి మా దగ్గర ప్రశ్నలు సిద్ధంగా ఉన్నాయి. పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టడానికి 2012లో వచ్చిన పోక్సో చట్టంలో సెక్షన్ 19 ప్రకారం అలాంటి నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనుమానం కలిగినా, ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి. రుజువు చేయాల్సిన బాధ్యత టీచర్ మీద లేదు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద కేసు పెట్టడానికి వీల్లేదని అదే సెక్షన్‌లో ఉంది. చెప్పకపోతే మాత్రం సెక్షన్ 21 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థలో కింద పనిచేసేవాళ్ళు చేసిన నేరాన్ని పైనున్న అధికారి దాచిపెడితే ఏడాది దాకా జైలు, జరిమానా. మా హెచ్‌ఎం సార్ ఈ లైన్ నోట్ బుక్‌లో రాసుకుని కింద గీత గీశారు.

సార్‌తోనే ఒక సీన్ చేయించారు. ఒక టీచర్ వచ్చి విషయం చెప్తుంది, ఆయన హెచ్‌ఎంగా జవాబివ్వాలి. “ముందు మేనేజ్‌మెంట్‌తో మాట్లాడదాం, పేరెంట్స్‌ని పిలిపిద్దాం, స్కూల్ పేరు కూడా చూసుకోవాలి కదమ్మా” అన్నారు సార్, ఏ స్కూల్‌లోనైనా వినపడేట్టుగానే. లాయర్ మేడమ్ ఒకటే అడిగారు: “సార్, ఆ మనిషి ఇంట్లోవాడే అయితే?” స్కూల్ లోపల కమిటీ వేసి విచారించడం పోలీసులకు చెప్పడానికి ప్రత్యామ్నాయం కాదని, మన విచారణ వల్ల సాక్ష్యాలు చెదిరిపోయే ప్రమాదం కూడా ఉందని వివరించారు. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా హాస్టల్ కేసులో, తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమని, చాలాసార్లు అది నేరస్థుల్ని కాపాడే ప్రయత్నమని 2022లో సుప్రీంకోర్టు అన్నది కూడా చెప్పారు. అక్కడ ఆ ప్రశ్న ఎదుర్కొన్నది పిల్లలకు వైద్యం చేసిన డాక్టర్. బాధ్యత బడివాళ్ళకే కాదని దాన్నిబట్టి అర్థమైంది.

పోలీసులంటే మా అందరికీ ఉండే జంకు తీరడానికి చాలాసేపు పట్టింది. పిల్ల వాంగ్మూలం ఇంటి దగ్గరో, పిల్లకి నచ్చిన చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై హోదాకి తగ్గని మహిళా ఆఫీసర్ తీసుకోవాలి. యూనిఫాం వేసుకోకూడదు. రాత్రిపూట ఏ కారణంతోనూ పిల్లల్ని స్టేషన్‌లో ఉంచకూడదు. పోలీసులు 24 గంటల్లోపు బాలల సంక్షేమ కమిటీకి తెలియజేయాలి. మన హైదరాబాద్‌లో అయితే పబ్లిక్ గార్డెన్స్ ఎదురుగా హాకా భవన్‌లో 2016 నుంచి భరోసా కేంద్రం ఉంది. కౌన్సెలింగ్, వైద్య సాయం, న్యాయ సాయం, వాంగ్మూలం అన్నీ ఒకే చోట జరగాలని, పిల్లని నాలుగు ఆఫీసుల చుట్టూ తిప్పకూడదని పెట్టింది. నగరంలో ఉంటూ ఇన్నేళ్ళుగా అసెంబ్లీ ముందు నుంచే బస్సులో వెళ్తున్న మా స్టాఫ్‌లో చాలామందికి అది అక్కడ ఉందని అదే రోజు తెలిసింది. ఎవరికి ఫోన్ చేయాలో తోచకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098, ప్రమాదం ఇప్పుడే ఉంటే ఎమర్జెన్సీ నంబర్ 112.

ఇంకో మాట కూడా మేనేజ్‌మెంట్ల దృష్టికి రావాలి. 2020 పోక్సో నియమాల ప్రకారం స్కూళ్ళు టీచింగ్, నాన్ టీచింగ్ సిబ్బంది అందరికీ, కాంట్రాక్ట్ మీద ఉన్నవాళ్ళతో సహా, పోలీస్ వెరిఫికేషన్ చేయించాలి. పిల్లల భద్రత మీద ఎప్పటికప్పుడు శిక్షణ ఇప్పించాలి. కాబట్టి ఇది ఇష్టముంటే పెట్టుకునే కార్యక్రమం కాదు.

రెండో రోజు ఫస్ట్ ఎయిడ్. నర్సమ్మగారిది చకచకా సాగే పద్ధతి. ముక్కు నుంచి రక్తం కారితే తల వెనక్కి వంచడం కాదు, ముందుకి వంచి ముక్కు మెత్తటి భాగం పది నిమిషాలు నొక్కి పట్టుకోవాలి. కాలితే టూత్ పేస్ట్ కాదు, 20 నిమిషాలు కుళాయి నీళ్ళు. గొంతులో ఏదైనా అడ్డుపడి దగ్గలేకపోతే వీపు మీద ఐదు దెబ్బలు, పొట్ట మీద ఐదు నొక్కులు, మార్చి మార్చి. గుండె ఆగితే 108కి ఫోన్ చేయించి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కాలి. ఫిట్స్ దగ్గర మాత్రం ఆగి, చేతిలో ఇనప తాళాలు పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం ఇవేవీ చేయొద్దని ఒక్కొక్కరితో చెప్పించారు. చుట్టూ ఉన్న వస్తువులు జరపాలి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టాలి, పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, టైం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్.

ఇక లోపాలు. అవి చిన్నవి కావు. ఛాతీ నొక్కడం ప్రాక్టీస్ చేయడానికి అందరికీ కలిపి ఒకే డమ్మీ బొమ్మ తెచ్చారు. చివరి వరసలో ఉన్నవాళ్ళకి సరిగ్గా చేతులు పెట్టేంత టైం కూడా దొరకలేదు. చేత్తో చేయాల్సిన పనిని చూసి నేర్చుకోలేం. లాయర్ మేడమ్ స్లైడ్లన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. నోటితో తెలుగులో చెప్పినా, ఆయమ్మల్లో ఇద్దరు ముగ్గురికి హిందీ తప్ప రాదు. పిల్లలతో బాత్‌రూమ్ దాకా వెళ్ళేది వాళ్ళే, వాళ్ళకే సగం అర్థం కాలేదు. వ్యాన్ డ్రైవర్లని అసలు పిలవలేదు. ఫోన్లు, ఇన్‌స్టాగ్రామ్ మీద చెప్పింది అరగంట కూడా లేదు. మా ఎనిమిదో తరగతి పిల్లల టెన్షన్లలో సగం అక్కడే ఉన్నాయి. ఉదాహరణలన్నీ ఆడపిల్లలవే తీసుకున్నారు. పోక్సో చట్టం ఆడపిల్లలకి, మగపిల్లలకి ఒకటే. మగపిల్లాడు వచ్చి చెప్తే మనం నవ్వేసి ఊరుకునే ప్రమాదం ఇంకా ఎక్కువ, కాబట్టి ఆ రిహార్సల్ తప్పకుండా ఉండాల్సింది.

విన్న టీచర్ పరిస్థితి ఏమిటన్నది కూడా వదిలేశారు. అలాంటి విషయం విని, పై పీరియడ్‌కి వెళ్ళి సంధులు చెప్పి, సాయంత్రం ఇంట్లో వంట చేయడం మామూలు విషయం కాదు. నేను అడిగితే 2022లో మొదలైన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబర్ 14416 ఇచ్చారు. మంచిదే, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. కానీ దానికి ఒక గంట కేటాయించాలి.

ఇన్ని లోపాలున్నా నేను గట్టిగా సిఫార్సు చేస్తున్నానంటే కారణం ఆ తర్వాత జరిగింది. ఆగస్టులో ప్రేయర్ టైంలో ఒక అబ్బాయి ఫిట్స్ వచ్చి పడిపోయాడు. పీఈటీ సార్ తన జర్కిన్ మడిచి తల కింద పెట్టి, పక్కకి తిప్పారు. లెక్కల సార్ వాచీ చూస్తూ నిలబడ్డారు. గేటు దగ్గరున్న ఎవరో పెద్దాయన బండి తాళాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. మా ఆయమ్మ అడ్డంగా నిలబడి, “వద్దు సాబ్, చేతుల ఏం పెట్టొద్దు” అని ఆపేసింది. పిల్లలందరినీ ఇటు తిప్పి క్లాసులకి పంపించింది కూడా ఆమే. మూడు నిమిషాల్లోపే అబ్బాయికి తెలివొచ్చింది, వాళ్ళమ్మ వచ్చి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ఎవరూ అరవలేదు.

చీటీల పద్ధతి వల్ల ఏం బయటపడిందో మాత్రం ఇక్కడ రాయను. అది పిల్లలది, మాది కాదు. శనివారం ఆఖరి పీరియడ్ అయ్యాక పావుగంట కూర్చుని రిజిస్టర్ చూసే అలవాటు ఇంకా తప్పలేదని, ఆ పావుగంటలో ఆయమ్మ కూడా కుర్చీలోనే కూర్చుంటుందని మాత్రం చెప్పగలను. 1098 నంబర్‌ని నోటీసు బోర్డు మీద కాకుండా నీళ్ళ కుళాయిల దగ్గర, ఒకటో తరగతి పిల్లల కంటికి అందే ఎత్తులో రాయించాం.

పెట్టించేవాళ్ళు ముందే అడగాల్సినవి: రిహార్సల్ ఉందా లేక ఉపన్యాసమేనా, పది మందికి ఒక డమ్మీ అయినా తెస్తారా, ఆయమ్మలకీ డ్రైవర్లకీ వాళ్ళ భాషలో చెప్తారా, కొన్ని నెలల తర్వాత మళ్ళీ వస్తారా. ‘ఉపన్యాసమే’ అంటే ఆ డబ్బు దండగ. మేమైతే దసరా సెలవుల తర్వాత డ్రైవర్లకి, ఆయమ్మలకి విడిగా హిందీలో ఒక పూట పెట్టమని అడిగాం. కౌన్సెలర్ మేడమ్ ఒప్పుకున్నారు, డమ్మీలు మూడు తెస్తామన్నారు. మగపిల్లల ఉదాహరణలతో రిహార్సల్ కూడా చేయించమని మా లెక్కల సార్ అడిగి రాయించారు.